పేరు రాకముందే ఇవ్వాల్సిన డబ్బు

1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్‌తో కలిసి రక్త క్యాన్సర్ కణాల్లో అసాధారణంగా పొట్టిగా ఉన్న క్రోమోజోమును పసిగట్టిన డేవిడ్ హంగర్‌ఫోర్డ్ అప్పటికింకా పరిశోధక విద్యార్థే. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారు కావడమే అందుకు కారణమని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఆ తప్పుడు అతుకు నుంచి పుట్టే ప్రొటీన్‌ను అడ్డుకునే ఇమాటినిబ్ అనే మందుకు అమెరికాలో అనుమతి దొరికింది 2001లో. నలభై ఏళ్లు! ఇంత ఆలస్యంగా పంటకొచ్చే పనికి, అదీ పేరు లేని కుర్ర శాస్త్రవేత్తలకు, ప్రజాధనం ఎందుకని అడిగేవారుంటారు. ఆసుపత్రిలో మంచం దొరకని రోగి ముందు ఆ ప్రశ్న తేలికైనదేమీ కాదు. కానీ ఆ మాత్ర వచ్చాకే ఆ రక్త క్యాన్సర్, అంటే దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా, చాలామందికి రోజూ మందు వేసుకుంటూ బతకగలిగే జబ్బుగా మారింది. మంచం అవసరాన్ని తగ్గించింది ఆ పాత పరిశోధనే. అనుభవజ్ఞులకే ఇస్తే నష్టభయం తక్కువన్న వాదనలోనూ సగమే నిజం ఉంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నుంచి తొలి పెద్ద గ్రాంటు అందుకునేవారి సగటు వయసు ఇప్పుడు నలభై దాటింది. ఆలోపే ప్రయోగశాల వదిలి వెళ్లిపోయినవారు ఏ నష్టం పద్దులోనూ కనిపించరు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఇండియా అలయన్స్ అనే సంస్థ యువ పరిశోధకులకు ఫెలోషిప్పులిస్తోంది, కానీ అలాంటివి ఒకటీ అరా చాలవు. గ్రాంటు ఐదేళ్లకు తగ్గకూడదు, ఏటా ఫలితం చూపమని తొందరపెట్టకూడదు. ఖర్చు లెక్క మాత్రం ఏటా, పైసాతో సహా, అడగాల్సిందే.