ఉచితపు పాట

2025 నవంబరు మాసమున ఐబొమ్మయను వెబ్‌సైటును నడిపెనన్న యభియోగముపై హైదరాబాదు పోలీసులు ఒక వ్యక్తిని నిర్బంధించినప్పుడు, మన పట్టణములలో వినవచ్చిన మాటలు మాకు మిక్కిలి విచారమును గలిగించినవి. నేరనిర్ణయము న్యాయస్థానముల పని; దానిలో మేము తలదూర్చము. కాని యభియోగము నిజమా కాదా యని యడిగినవారు మాకు కానరాలేదు. నిజమే యైనచో మంచిపని చేసినాడనియు, కోట్లు గడించు నిర్మాతలను దోచి బీదలకు పంచిపెట్టినాడనియు మెచ్చుకొన్నవారే యెందరో. వీరందరును చదువుకొన్నవారు, పొరుగువాని పెరటిలో కొబ్బరికాయ రాలినను ముట్టని పెద్దమనుష్యులు.

వారి మాటలో కొంత న్యాయము లేకపోలేదు. పెద్ద చిత్రము విడుదలయగునప్పుడెల్ల టిక్కెట్టు వెల పెంచుకొనుటకు ప్రభుత్వముల యనుమతి లభించుచున్నది. నలుగురున్న సంసారము ఒక్క పూట చిత్రమునకు పోయిన నెల సరకుల పద్దు తారుమారగును. ఇంట గూర్చుండి చూతమన్నచో, ఒక చిత్రమొక కంపెనీయొద్ద, రెండవది వేరొక కంపెనీయొద్ద నుండును. అన్నిటికిని చందా కట్టుట సామాన్యునకు సాధ్యము గాదు. ఇంతచేసి చందా కట్టినవానికైనను శాంతి లేదు. అమెజాన్ ప్రైమ్ వీడియోవారు 2025 జూను 17వ తేదినుండి చందాదారులకును వ్యాపారప్రకటనలు చూపనారంభించి, అవి వలదన్నచో నెలకు మరియొక 129 రూపాయలు చెల్లింపుమనిరి. సొమ్ము పుచ్చుకొని తలుపు తెరచి, లోపల మరల చేయి చాచుట యే వర్తకధర్మమో మాకు బోధపడలేదు. నెట్‌ఫ్లిక్సువారు 2021 డిసెంబరులో సెల్‌ఫోను చందాను 199 నుండి 149 రూపాయలకు దించిరి. వెల దించినంతమాత్రమున వారు దివాలా తీయలేదు గదా!

అయినను ఈ తప్పులన్నియు ఒప్పుకొన్న పిమ్మట మేమొక ప్రశ్న వేయుదుము. దోపిడి యెవరి యింట జరుగుచున్నది?

కథానాయకుని పారితోషికము, ఆతని పేరునుబట్టి, చాలవరకు చిత్రము తెరకెక్కక పూర్వమే చేతబడును. దొంగప్రతి చూచినందువలన ఆయన భోజనములో నొక్క కూర తగ్గదు. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ చిత్రము సగభాగము విడుదలకు ముందే బయటపడెను. కృష్ణాజిల్లా పెడనలో డిస్కులు అమ్ముడుపోవుచుండగా సంగతి వెల్లడియైనది. నిర్మాతలు భయపడి అక్టోబరులో రావలసిన చిత్రమును సెప్టెంబరు 27వ తేదికే విడుదల చేసిరి. అది ఘనవిజయము నందెను. నేటికిని కొందరు దీనినే సాక్ష్యముగా జూపి, దొంగిలించినంతమాత్రమున నష్టము లేదని వాదింతురు. ఆ చిత్రమునకు అభిమానుల సైన్యముండెను. అప్పుచేసి తీసిన చిన్న చిత్రమునకు ఏ సైన్యమున్నది? మొదటి శుక్రవారము సాయంకాలమే దొంగప్రతి వచ్చినచో శనివారము హాలు ఖాళీ. ఆ దర్శకునకు రెండవ చిత్రము లేదు. అట్టివాని పేరైనను మనకు తెలియదు గనుక ఆతని నష్టము మనకు కానరాదు.

పాట సంగతి ఇంతకన్న హృదయవిదారకము. మన దేశమున పాట వ్రాసినవానికిని, స్వరము కట్టినవానికిని చిరకాలము ఒక్కమారే కూలి దొరకుచుండెను. ఆ పాట ఊరూర మ్రోగినను, పెండ్లి పందిళ్లలో, హోటళ్లలో, రేడియోలో ముప్పదియేండ్లు బ్రదికినను, కవికి చిల్లిగవ్వ ముట్టెడిది కాదు. 1969లో స్థాపితమైన ఇండియన్ పెర్‌ఫార్మింగ్ రైట్ సొసైటీ కవుల పక్షమున పోరాడగా, 1977లో సుప్రీంకోర్టు, చిత్రముకొరకు సొమ్ము పుచ్చుకొని చేసిన పాటకు వేరు ఒప్పందము లేనిచో నిర్మాతయే యజమానుడని తీర్మానించెను. ఆ తీర్పులోనే జస్టిస్ కృష్ణయ్యరుగారు ప్రత్యేకముగా నొక మాట చేర్చి, పాడిన గాయకునకు హక్కు లేకుండుట భారతీయభావమునకే విరుద్ధమని చింతించిరి. ఆ చింత శాసనమగుటకు ముప్పదియైదేండ్లు పట్టెను. 2012లో కాపీరైటు చట్టమును సవరించి, సినిమాహాలులో చిత్రముతోబాటు వినిపించునది తప్ప తక్కిన వినియోగములపై వచ్చు రాయల్టీలో కవికిని స్వరకర్తకును సమభాగముండవలెననియు, ఆ భాగమును వారు వ్రాసియిచ్చినను నిర్మాతకు చెల్లదనియు నిర్ణయించిరి. గాయకులకును వాణిజ్యవినియోగములో రాయల్టీ హక్కు గలిగెను. ఇది కాగితముమీదనుండి చేతికి దిగుటకు మరల వ్యాజ్యములు, తగవులు పెక్కు నడచినవి.

ఇన్నాళ్లకు కవి ముంగిట కీ చిన్న కాలువ త్రవ్వబడినది. ధర్మముగా పాట మ్రోగిన ప్రతిసారియు దానిలో నొక చుక్క యైన పడును. దొంగప్రతిలో మ్రోగినచో నొక్క చుక్కయు పడదు. నిర్మాత ద్వేషముచేత కాలువకు గండి కొట్టువాడు ఎండగట్టుచున్నది నిర్మాత పొలమును గాదు. పాట వ్రాసినవాని మడిని. పైగా పాటల విషయమున బీదరికమను సాకును నిలువదు. ప్రకటనలు సహించినచో కాసు చెల్లింపకయే ధర్మముగా పాటలు వినుటకు మార్గములు గలవు. ఆ ప్రకటనల సొమ్ములోనే కవికిని భాగము. ఆ మార్గము విడిచి దొంగదారి త్రొక్కుట కేవలము అలవాటు.

ఇక నా దొంగదారిని నడపువారి దానగుణమును గూర్చి రెండు మాటలు. ఇట్టి వెబ్‌సైట్లలో చిత్రమునకు ముందును వెనుకను వ్రేలాడు జూదపు ప్రకటనలను పాఠకులు చూచియే యుందురు. చిత్రము ఉచితము, వల మాత్రము ఉచితము గాదు. తండ్రి పాటకొరకు తెరచిన పుటలో కొడుకు పందెముల కలవాటుపడినచో, ఆ యింటికి మిగిలిన టిక్కెట్టు వెల యెంత?

పత్రికలను పఠనమందిరమున పదిమంది చదువుటలేదా, అది దొంగతనమా యని కొందరు మిత్రులు మమ్ము ఎత్తిపొడిచిరి. పొరుగింటి ప్రతికొరకు కాచుకొనియుండి చందా మాత్రము పంపని రసికులను మేమును ఎరుగుదుము. వారిపై మాకు కోపము లేదు. ఏలయన ఆ ప్రతి యొక్కటే. ఎవరో వెలయిచ్చి కొన్నదే. ఒకని చేతినుండి మరియొకని చేతికి పోవును గాని రెండు గాదు. 1911లో బెజవాడ రామమోహన గ్రంథాలయమును, 1918లో వేటపాలెము సారస్వత నికేతనమును స్థాపించిన మహనీయులు బీదలకు ఉచితముగా చదువు పంచిరి; పుస్తకములను మాత్రము కొని పంచిరి.

చిత్రములకును పాటలకును అట్టి గ్రంథాలయము మనకేల లేదు? 2023లో సినిమాటోగ్రాఫు చట్టమును సవరించి దొంగప్రతులకు మూడు నెలలు మొదలు మూడేండ్లవరకు ఖైదును, మూడు లక్షలకు తగ్గని జరిమానాను విధించిరి. శిక్ష పెంచుటలో చూపిన శ్రద్ధ, బీదవానికి ధర్మమైన దారి తెరచుటలో కానరాదు. ఇండ్లకమ్ము చందాతో పఠనమందిరమున పదిమందికి చిత్రము ప్రదర్శించుటకు కంపెనీల నిబంధన లొప్పవు. కావున గ్రంథాలయములకు వేరుగా స్వల్పమైన చందా నొకటి యేర్పరుపవలసినదని మన గ్రంథాలయ సంఘములు వారికి మహజరు పంపవలెను. ఆ మహజరును ప్రకటించుటకు ఈ పుటలు తెరచియున్నవి. కంపెనీలవారు దానిని త్రోసిపుచ్చిరేని, వచ్చువారముల వ్యాసములు వారినిగూర్చియే యుండును.