వెనుకవాని చూపు మరల్చని వస్త్రం

పండుగల ముందు, పెళ్లిళ్ల కాలంలో మా మదర్సా పిల్లల తండ్రులు తరచు ఒక ప్రశ్న అడుగుతుంటారు: "మౌలానా సాబ్, మగవాడు ఎంతవరకు అలంకరించుకోవచ్చు?" వినడానికి ఇది చిన్న ప్రశ్నే. కాని దీని వెనుక ఇంటి ఖర్చు ఉంది, నమాజులో మనసు నిలకడ ఉంది, ఆడపిల్లలను కన్నవారి గుండెభారం ఉంది. అందుచేత ఈ మాసం దీనినే విచారించదలచాము.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. నిరాడంబరత అంటే మాసిన బట్టలు కాదు, నలిగిన చొక్కా కాదు. ప్రార్థనా సమయంలో చక్కగా అలంకరించుకొమ్మని దివ్యఖుర్ఆన్ (7:31) మానవులందరికీ చెబుతున్నది. ఆ వాక్యంలోనే మితిమీరవద్దని కూడా హెచ్చరిస్తున్నది. సంపద కలిగి ఉండి కూడా హీనమైన దుస్తుల్లో వచ్చిన ఒక వ్యక్తిని దైవప్రవక్త (స) నీకు ఆస్తి ఉన్నదా అని అడిగి, ఉన్నదని తెలిసిన మీదట, అల్లాహ్ అనుగ్రహపు జాడ నీపై కనిపించాలని బోధించారు. మంచి బట్టలు, మంచి చెప్పులు ఇష్టపడటం అహంకారమా అని ఒక సహచరుడు అడిగినప్పుడు, అల్లాహ్ సౌందర్యాన్ని ప్రేమిస్తాడనీ, సత్యాన్ని తిరస్కరించడం, సాటి మనుషులను చిన్నచూపు చూడటమే అహంకారమనీ వివరించారు. కాబట్టి అందం తప్పు కాదు. ఆ అందం తోటివారిని ఏం చేస్తున్నదన్నదే ఆలోచించవలసిన విషయం.

దీనికి బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన దారి చూపుతుంది. అబూ జహమ్ (రజి) అనే సహచరుడు కానుకగా ఇచ్చిన ఒక దుప్పటిని దైవప్రవక్త (స) కప్పుకొని నమాజు చేశారు. దానిపై గుర్తులు, చారలు ఉన్నాయి. నమాజులో ఆయన దృష్టి క్షణకాలం వాటిపై పడింది. నమాజు ముగియగానే ఆ దుప్పటిని అబూ జహమ్‌కు తిరిగి పంపి, ఆయన దగ్గర ఉన్న చారలు లేని ముతక దుప్పటిని తెప్పించుకున్నారు. కానుకను తిప్పి పంపితే ఇచ్చినవాని మనసు నొచ్చుకుంటుందని, బదులుగా మరొకటి అడిగి తీసుకున్నారని ధర్మపండితులు వివరించారు. ఈ చిన్న సంఘటనలో రెండు పాఠాలున్నాయి. వస్త్రం మనసును లాగకూడదు. వస్త్రం కోసం మనసులు నొప్పించకూడదు.

ఇప్పుడు మన మస్జిదుల్లోని వరుసలను చూడండి. మా నార్కట్‌పల్లి హైదరాబాదు–విజయవాడ రహదారిపై ఉన్న ఊరు. జుమా నాడు లారీ డ్రైవరు, వైద్యకళాశాల విద్యార్థి, బజారులోని దుకాణదారు, బాటసారి ఒకే వరుసలో నిలబడతారు. వెనుక వరుసలో ఉన్నవానికి తల వంచి సజ్దా చేసే చోటుకు చూపు దించేలోపు ఎదురయ్యేది ముందున్నవాని వీపే. ఆ వీపుపై పెద్ద అక్షరాలు, ఆటగాని పేరు, బొమ్మ, హాస్యోక్తి ఉంటే చదవకుండా ఉండటం ఎవరి తరం? చొక్కా తొడిగినవానికి తన వీపు కనబడదు. ఆ భారాన్ని మోసేది అతని వెనుకవాడు. సాదా చొక్కా తొడగడం వెనుకవానికి మనం చేసే ఒక మౌనమైన ఉపకారం.

సాదాతనం నేతపనికి శత్రువని అనుకోవద్దు. ఇస్లామీయ సమాజంలో అది నేతగానికి కొత్త దారులు చూపింది. అచ్చమైన పట్టు పురుషులకు నిషిద్ధమైనప్పుడు నేతగాళ్లు "మష్రూ" అనే బట్టను నేశారు. పడుగులో పట్టు, పేకలో నూలు వేసి, పట్టు మెరుపు పైకి, నూలు మెత్తదనం ఒంటివైపు వచ్చేలా అల్లారు. మష్రూ అనే అరబీ మాటకు అర్థమే ధర్మసమ్మతమని. పట్టు, నూలు కలిపి నేసే హిమ్రూకు పేరొందిన ఔరంగాబాదు 1956 వరకు మన హైదరాబాదు రాష్ట్రంలోనిదే. అంచుకు రెండు, మూడు, నాలుగు వేళ్ల వెడల్పు పట్టుకు అనుమతి ఉన్నదని హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించారు. నాలుగు వేళ్ల అంచు చాలు. ఒళ్లంతా అంచే అయితే అది అంచు ఎలా అవుతుంది?

మా పొరుగునే మరో ఉదాహరణ ఉంది. చౌటుప్పల్ మీదుగా సంస్థాన్ నారాయణపురం మండలానికి వెళితే పుట్టపాక వస్తుంది. ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోనిది. 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలోనిది. అక్కడి నేతగాళ్లు తేలియా రుమాల్ నేస్తారు. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపిన నీళ్లలో నూలును రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. నేతకు ముందే పడుగు, పేక దారాలను లెక్క ప్రకారం కట్టి రంగులద్దుతారు. సంప్రదాయ రంగులు మూడే: ఎరుపు, నలుపు, తెలుపు. ఈ రుమాళ్లు ఒకప్పుడు అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా ఎగుమతి అయ్యేవి. మన దగ్గర సామాన్యుల భుజాలపైనా నడుములపైనా ఉండేవి. 2020లో పుట్టపాక తేలియా రుమాల్‌కు భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ నేతకు అంకితమైన గజం గోవర్ధన్ గారికి 2011లో పద్మశ్రీ పురస్కారం వచ్చింది.

ఈ బట్టలో మేము ముఖ్యంగా చూసేది ఒకటుంది. దారానికే రంగు పట్టి ఉంటుంది గనుక దీనికి పైవైపు, లోపలివైపు అనే భేదం దాదాపు ఉండదు. అచ్చు వేసిన నకలు బట్టను తిప్పి చూస్తే సాధారణంగా వెనుకవైపు రంగు వెలిసినట్లు కనబడుతుంది. కొనేటప్పుడు తిప్పి చూడండి, అసలేదో నకలేదో తెలుస్తుంది. మనిషి కూడా ఇలాగే లోపలా బయటా ఒక్కటిగా ఉండటమే కదా ఈమాన్ కోరేది!

అయితే సాదా బట్ట ధరించినంతనే మనసు సాదాది కాదు. హైదరాబాదు నిజాములను చూడండి. 1911లో మరణించిన ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దుస్తుల కోసం కట్టిన రెండంతస్తుల చెక్క అల్మారా పురానీ హవేలీలో నేటికీ ఉంది; ఒకసారి తొడిగినది మళ్లీ తొడిగేవారు కాదని చెప్పుకుంటారు. ఆయన కుమారుడు ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ను 1937లో అమెరికా పత్రిక టైమ్ ప్రపంచంలోకెల్లా ధనవంతునిగా ముఖచిత్రంపై వేసింది. ఆయన మాత్రం పాత శేర్వానీ, పాత టోపీతో గడిపేవారని ప్రతీతి. దానిని కొందరు వైరాగ్యమన్నారు, కొందరు పిసినారితనమన్నారు. హృదయాల సంగతి అల్లాహ్‌కే తెలుసు.

నేడు సంపన్నులలో మరో పోకడ వచ్చింది. పేరు గాని, గుర్తు గాని కనిపించని చొక్కా. కాని దాని వెల ఒక కూలివాని నెల సంపాదన. సామాన్యునికి అది మామూలు చొక్కా, తెలిసినవానికి మాత్రం గొప్ప. అది కూడా ప్రదర్శనే, కాకపోతే ఎంపిక చేసిన కొద్దిమంది ఎదుట. కీర్తి కోసం దుస్తులు ధరించేవారిని దైవప్రవక్త (స) తీవ్రంగా హెచ్చరించారు. మితిమీరి మెరిసేదే కాదు, నలుగురూ "ఎంత వైరాగ్యం!" అనుకోవాలని ధరించే చింకిపాత కూడా ఈ హెచ్చరిక కిందికే వస్తుందని పూర్వ పండితులు అన్నారు.

ఇక అసలు నొప్పి ఉన్న చోటికి వద్దాము. మన దక్కనీ ముస్లిం కుటుంబాల్లో కట్నానికి ఒక మర్యాదపు పేరుంది: "జోడే కీ రఖమ్". జోడా అంటే వరుని దుస్తుల జత. బట్టల పేరు చెప్పి లక్షలు అడుగుతున్నారు. 1961 నాటి చట్టం కట్నాన్ని నేరమన్నది; షరీఅత్ అయితే ఇవ్వవలసినవాడు వరుడేననీ, అది మహర్ అనీ (4:4) ఆనాడే చెప్పింది. అయినా ఒక గుడ్డముక్క పేరిట ఆడపిల్ల తండ్రి పొలం అమ్ముకుంటున్నాడు. ఆపై వరుడు ఆ ఒక్క పూట కోసం అద్దాలు, జర్దోజీ, ముత్యాల దండలతో మోయలేని శేర్వానీ తొడుగుతున్నాడు. మర్నాటినుండి అది పెట్టెలోనే ఉంటుంది, లేదా అద్దె దుకాణానికి తిరిగి పోతుంది.

నిజానికి శేర్వానీ పుట్టుకతోనే నిరాడంబరమైన దుస్తు. నిలువు కాలరు, ఎదపై వరుసగా గుండీలు, మోకాళ్లను తాకే పొడవు. దాని అందమంతా కుట్టులోనే ఉంది: భుజం దగ్గర ముడత పడకుండా నిలవడంలో, కాజాలు సమంగా రావడంలో, అస్తరు లాగకుండా ఉండటంలో. 1897లో హైదరాబాదులో పుట్టి రాష్ట్రపతి పదవినలంకరించిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ చిత్రాలు చూడండి. ఆ శేర్వానీపై జరీ లేదు. ఆ గౌరవానికి లోటూ లేదు.

కనుక పెళ్లికొడుకులు కాబోయే యువకులకు మా మనవి ఇది. మీ శేర్వానీ మీ సంపాదనతో కుట్టించుకోండి. తెలుపో, మీగడ రంగో, నలుపో ఎంచుకోండి. జరీకి పెట్టే డబ్బులో సగం మంచి నూలుకు, మిగతా సగం మంచి టైలరుకు ఇవ్వండి. నికాహ్ నాడు తొడిగినది ఈద్ నాడు, జుమా నాడు మళ్లీ తొడగగలిగేలా ఉండాలి. తల్లులారా! "నా కొడుకు జోడా కోసం మీరు ఒక్క రూపాయి పంపవద్దు" అని వియ్యపురాలికి ముందుగా కబురు చేయండి. ఆ ఒక్క మాటతో ఆ ఇంట్లో ఎన్ని రాత్రుల నిద్ర తిరిగి వస్తుందో లెక్కించలేము.

దేహాన్ని కప్పి అందాన్నిచ్చే దుస్తులను తానే ప్రసాదించానని చెబుతూనే, వాటికంటె దైవభీతి అనే దుస్తు మేలైనదని అల్లాహ్ సెలవిచ్చాడు (7:26). మన దుస్తులు మన వెనుక నిలిచినవాని ఏకాగ్రతకు గాని, మన ఇంటికి కోడలినిచ్చేవాని బతుకుకు గాని భారం కాకుండా అల్లాహ్ మనలను కాపాడుగాక! ఆమీన్.