పాత బైక్‌కు కొత్త సైలెన్సర్.. మోత కొంటే చలానా ఖాయం! ఏది కొనాలి, ఏది కొనకూడదు?

రోడ్డు మీద వరుసగా పేర్చిన సైలెన్సర్లు.. వాటి మీదుగా వెళ్లే రోడ్ రోలర్. హైదరాబాద్, విజయవాడ, విశాఖ.. ఏ నగరంలోనైనా ట్రాఫిక్ పోలీసుల స్పెషల్ డ్రైవ్‌లో తరచూ కనిపించే సీన్ ఇదే. కానీ మర్నాడు చూస్తే అదే రకం సైలెన్సర్ అదే ఊళ్లో కౌంటర్ మీద దొరుకుతూనే ఉంటుంది. డబ్బు పోయేది మాత్రం కొన్నవాడికే. ఇందులో ఎక్కువగా ఇరుక్కునేది పాత బైకులున్నవాళ్లు. వాళ్లలో చాలామందికి సైలెన్సర్ మార్చడం సరదా కాదు, అవసరం.

అసలు సైలెన్సర్ ఎందుకు పోతుంది?

పెట్రోల్ మండితే పొగతో పాటు నీటి ఆవిరి కూడా వస్తుంది. లీటర్ పెట్రోల్‌కు సుమారు లీటర్ నీళ్లు అలా బయటికొస్తాయి. లాంగ్ రైడ్‌లో పైపు బాగా వేడెక్కడంతో ఆ తేమ పోతుంది. పాల ప్యాకెట్‌కూ, స్కూలుకూ తిప్పే బండిలో మాత్రం లోపలే నిలిచిపోతుంది. అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఉప్పు గాలి కూడా దీనికి తోడవుతుంది. పైన క్రోమ్ మెరుస్తూనే ఉంటుంది, లోపల శబ్దాన్ని అణిచే రేకులు రాలిపోతుంటాయి.

కొత్తది కొందామంటే కంపెనీ పార్ట్ దొరకదు. యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. మైసూరు ఫ్యాక్టరీ నుంచి యెజ్డీలు రావడం ఆగిందీ అదే ఏడాది. ఇక మిగిలేది బయటి మార్కెట్టే.

సైలెన్సర్ మార్చడమే నేరమా?

కాదు. పాడైనదాని స్థానంలో అలాంటిదే పెట్టడం రిపేర్ కిందికే వస్తుంది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మారిస్తేనే చిక్కు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెప్పేది అదే. కేరళ నుంచి వచ్చిన ఓ కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది.

శిక్షలూ చిన్నవి కావు. 2019 సవరణ తర్వాత, అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కు ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరి బండి నడిపితే మొదటిసారి రూ.10,000 వరకు జరిమానా లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ. పైగా 3 నెలలు లైసెన్స్‌కు అనర్హత. ఇవి చట్టంలోని అంకెలు. స్పాట్‌లో ఎంత కట్టించుకోవాలన్నది రాష్ట్రాలు నిర్ణయిస్తాయి.

ఎంత శబ్దం వరకు ఓకే?

2005 ఏప్రిల్ నుంచి తయారైన టూవీలర్లకు లిమిట్లు ఇవీ: 80 సీసీ వరకు 75 డెసిబెల్స్, 175 సీసీ వరకు 77, ఆపైన 80. ఇది బండి తయారీ దశలో పాస్ కావాల్సిన పరీక్ష. ఏడున్నర మీటర్ల దూరంలో మైక్ పెట్టి, నడుస్తున్న బండి శబ్దాన్ని కొలుస్తారు. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి మోత దాదాపు రెట్టింపు అయినట్టు వినిపిస్తుంది. ఇళ్ల మధ్య రాత్రిపూట ఉండాల్సిన శబ్ద పరిమితి 45 డెసిబెల్స్ మాత్రమే. అర్ధరాత్రి గల్లీలో ఒక్క బండి వెళ్తే పసిపిల్లలు, గుండె జబ్బులున్న పెద్దవాళ్లు ఉలిక్కిపడి లేస్తున్నారంటే కారణం ఈ తేడానే.

రోడ్డు పక్కన ఈ పరీక్షను ఉన్నదున్నట్టు చేయడం కుదరదు. అక్కడ చటుక్కున కనిపించేది సైలెన్సర్ కంపెనీదా, కాదా అన్నదే. అందుకే నిశ్శబ్దంగా ఉండేది పెట్టుకున్నవాళ్లకూ ప్రశ్నలు తప్పకపోవచ్చు.

మోత పెరిగితే పవర్ పెరుగుతుందా?

ఇదే పెద్ద అపోహ. ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండిలో సైలెన్సర్ అంటే ఉత్త పొగ గొట్టం కాదు, ఇంజిన్‌లో భాగం. బయటికి పోబోయే తాజా పెట్రోల్-గాలి మిశ్రమాన్ని ఎక్స్‌పాన్షన్ చాంబర్ నుంచి తిరిగొచ్చే ఒత్తిడి తరంగం మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. ఆ చాంబర్ ఆకారం మారితే కింది గేర్లలో పికప్ పడిపోతుంది, మైలేజీ తగ్గుతుంది.

పాత బుల్లెట్ లాంటి ఫోర్ స్ట్రోక్ కార్బొరేటర్ బండ్ల కథ వేరు. పొగ మరీ ఫ్రీగా పోయే సైలెన్సర్ పెట్టి కార్బొరేటర్ జెట్ మార్చకపోతే పెట్రోల్ పాలు తగ్గొచ్చు. అప్పుడు యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా టపటపమని పేలుళ్లు, ఇంజిన్ ఓవర్ హీట్. ఇక బీఎస్-4, బీఎస్-6 బండ్లలో ఎగ్జాస్ట్‌లోనే ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తీసేస్తే పొల్యూషన్ టెస్ట్ దగ్గర దొరికిపోతారు.

కొనేముందు చూడాల్సినవి

* మీ మోడల్‌కు, మీ ఏడాదికి సరిపోయే స్టాక్ ఆకారం సైలెన్సరే అడగండి. "అన్ని బండ్లకూ పడుతుంది" అన్నది వద్దు.
* చివర నుంచి చూస్తే లోపల సూటి గొట్టం కనిపిస్తోందా? అయితే అది మోత మోగించే రకమే.
* బోల్ట్ తీస్తే ఊడొచ్చే డీబీ కిల్లర్‌ను నమ్ముకోవద్దు. అది ఊడినా, ఊడదీసినా చలానా మీ పేరునే వస్తుంది.
* మైల్డ్ స్టీల్ చవక, కానీ త్వరగా తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ ధర ఎక్కువైనా చాలాకాలం వస్తుంది.
* బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ వేయించండి. సైలెన్సర్ బరువు ఛాసిస్ క్లాంప్ మీద పడాలి, ఇంజిన్ స్టడ్ల మీద కాదు. సెంటర్ స్టాండ్, ఫుట్‌రెస్ట్ తగలకుండా చూసుకోండి.
* బిల్లు దాచుకోండి. పాత సైలెన్సర్‌ను స్క్రాప్‌కు వేసే ముందు ఆలోచించండి. 15 ఏళ్లు నిండిన బండికి ఆర్సీ రెన్యువల్ చేయాలంటే ఇన్‌స్పెక్షన్ తప్పదు. మోత సైలెన్సర్‌తో వెళ్తే అక్కడే ఆగిపోవచ్చు.

పాతదానికి లోపలి రేకులు మాత్రమే పోయి, పైన గట్టిగా ఉంటే.. కోసి, రేకులు మార్చి, మళ్లీ వెల్డింగ్ చేసే పనివాళ్లు ఇంకా ఉన్నారు. అరుదైన మోడళ్లకు చాలాసార్లు ఇదే మంచి దారి.

దుకాణం దగ్గరే ఆగాలి

యూరప్‌లో బయటి మార్కెట్ సైలెన్సర్ల కోసం ఐక్యరాజ్యసమితి రెగ్యులేషన్ 92 ఉంది. పరీక్ష పాసైన సైలెన్సర్‌పై 'ఈ' మార్కు చెక్కి ఉంటుంది. కొనేవాడికీ, ఆపే పోలీసుకూ ఆ మార్కే సాక్ష్యం. మన కౌంటర్ల మీద ఉండే చాలా సైలెన్సర్లపై అలాంటి గుర్తు కనిపించదు. కొన్నింటి డబ్బాపై 'ఆఫ్ రోడ్ వాడకానికి మాత్రమే' అని సన్నటి అక్షరాల్లో ఉంటుంది. అమ్మినవాడి బాధ్యత అక్కడితో సరి!

నిజంగా తుప్పు పట్టి మార్చుకునేవాడినీ, మోత కోసం కొనేవాడినీ ఈ మార్కెట్ వేరు చేయడం లేదు. పరీక్ష పాసైన సైలెన్సర్‌పై గుర్తు, గుర్తు లేనిదాన్ని అమ్మితే దుకాణంపై కేసు.. ఈ రెండూ వస్తే రోడ్ రోలర్‌కు పని తగ్గుతుంది. అప్పటిదాకా సైలెన్సర్ కొనేవాళ్లు దుకాణంలోనే ఒకసారి స్టార్ట్ చేయించి, శబ్దం విని, ఆ తర్వాతే డబ్బు ఇవ్వడం మంచిది.