ఏడుగురిని తగలబెట్టారు, దోషి ఒక్కరూ లేరు

రాజ్యాంగ పీఠికను ఊరూరా చదివించడం కర్ణాటక ప్రభుత్వానికి బాగా అలవాటైంది. 2023 సెప్టెంబర్ 15న రాష్ట్రమంతా ఒకేసారి చదివించారు. 2024 జనవరి నుంచి జాగృతి జాథా పేరుతో గ్రామ పంచాయతీల చుట్టూ బండ్లు తిప్పారు. చదవనివ్వండి, మంచిదే. కానీ రాయచూరు జిల్లా మల్లట్‌లోనైనా, ఇంకో ఊళ్లోనైనా ఆ మైకులో కంబాలపల్లి మాట ఎందుకు వినపడదు?

2000 మార్చి 11న, అప్పటి కోలారు జిల్లా చింతామణి తాలూకాలో, ఏడుగురు దళితులను ఇళ్లలో ఉండగానే తగలబెట్టారు. సాక్షులు కోర్టులో మాట మార్చారు. 2006లో కింది కోర్టు నిందితులందరినీ వదిలేసింది. 2014లో హైకోర్టు అదే సరైందంది. చచ్చింది ఏడుగురు, శిక్ష పడింది సున్నా. సమానత్వం, సౌభ్రాతృత్వం అంటూ ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఈ లెక్క దగ్గరికి రారు.

ఆ మంటలు ఆరిన మరుసటి ఏడాదే, 2001లో, డర్బన్‌లో జాతివివక్షపై ఐక్యరాజ్యసమితి సదస్సు జరిగింది. కులం అక్కడ చర్చించాల్సిన విషయం కాదని మన కేంద్ర ప్రభుత్వం పట్టుబట్టింది. పుట్టుకను బట్టి మనిషిని కాల్చేయడం అక్కడ చర్చకు రాకపోతే, ఇక రావాల్సింది ఏమిటో?

కంబాలపల్లి తగలబడిన ఆ 2000లోనే, సెప్టెంబర్‌లో, జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో పూలమ్ముకునే ఎన్వర్ షిమ్‌షెక్‌ను నియో నాజీలు కాల్చి చంపారు. పోలీసులు ఏళ్ల తరబడి అనుమానించింది హంతకులను కాదు, ఆయన కుటుంబాన్నే. 2011లో అసలు ముఠా బయటపడింది. 2013లో ఆయన కూతురు సెమియా తండ్రి గురించి, తమ ఇంటిపై పడ్డ మచ్చ గురించి పుస్తకం రాసింది. అక్కడి యేనా నగరంలో ఒక కూడలికి ఆయన పేరు పెట్టారు. జర్మనీ పుణ్యభూమేమీ కాదు, ఆ కేసులో దాచిన సంగతులు ఇంకా ఉన్నాయని బాధితులే అంటున్నారు. అయినా అక్కడ చచ్చినవాడి కూతురు మాట్లాడింది, దేశం కూర్చుని వింది.

కంబాలపల్లి కుటుంబాల మాట ఏ మైకులో విన్నాం?

పాత గాయాలు కెలకడం ఎందుకు, ఊళ్లు ఇప్పుడు ప్రశాంతంగా ఉన్నాయి కదా అనేవాళ్లున్నారు. మన పక్కనే గంగావతి తాలూకా మరకుంబి కేసులో 2024 అక్టోబర్‌లో 98 మందికి యావజ్జీవం పడింది, చట్టం పనిచేస్తోంది అనేవాళ్లూ ఉన్నారు. ఆ తీర్పు మంచిదే. దానికి పదేళ్లు పట్టింది. పైగా కంబాలపల్లి సున్నా సున్నాగానే ఉంది. ఇక ప్రశాంతత సంగతంటారా, రేపు కూలికి ఎవరి చేలోకి వెళ్లాలో తెలిసిన సాక్షి నోరు మూసుకోవడాన్ని ప్రశాంతత అనుకునేది చేను ఉన్నవాళ్లే. బోనులో నిలబడి చెప్పలేని మాటను ఇంటివాళ్లు కాగితం మీద పెట్టవచ్చు. దానికి క్రాస్ ఎగ్జామినేషన్ ఉండదు.

ఇక మన తెలుగువాళ్ల సంగతి. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతలో శ్రీనివాస్ కూచిభొట్లను ఒక జాత్యహంకారి కాల్చి చంపితే ప్రతి ఇల్లూ ఏడ్చింది, ఏడవాల్సిందే. ఏడాదిన్నర తిరక్కుండా హంతకుడికి యావజ్జీవం పడింది. భార్య సునయన బయటికొచ్చి మాట్లాడితే చెవులొగ్గి విన్నాం. మరి 1991 ఆగస్టు 6న ఆంధ్రప్రదేశ్‌లోని చుండూరులో చంపిన ఎనిమిది మంది దళితులు? 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఊరి నడుమ రక్తక్షేత్రంలో ఆ కుటుంబాలు ఇప్పటికీ తమవాళ్లను తలుచుకుంటాయి. తుంగభద్ర ఎడమ కాలువ కింద క్యాంపులు కట్టుకున్న మన కోస్తా రైతుల సంఘాలు సంక్రాంతికి వేదిక వేస్తాయి, ఎన్టీఆర్ జయంతికి వేస్తాయి. చుండూరు కోసం ఒక్క కుర్చీ వేయడానికి ఏం అడ్డొచ్చింది? దూరదేశంలో తెల్లవాడు చంపితే జాత్యహంకారం, మనవాడు చంపితే ఊరి గొడవా?

పరిహారం చెక్కు ఇచ్చి ఫొటో దిగితే ప్రభుత్వం పని అయిపోదు. హత్యకు గురైన దళితుల కుటుంబాలు తమ కథ రాసుకోవడానికి, రాయలేనివాళ్లు చెబితే రాసిపెట్టడానికి, కన్నడంలో, తెలుగులో అచ్చు వేయడానికి సాంఘిక సంక్షేమ శాఖ బడ్జెట్‌లో డబ్బు పెట్టాలి. ఏటా మార్చి 11న పంచాయతీ ఆఫీసు ముందు, పీఠిక అయిపోగానే, వాటిలోంచి ఒక పేజీ చదవాలి. చదవడానికి ఆ కుటుంబాలకు ఇష్టమైతే వాళ్లనే పిలవాలి, దారి ఖర్చులిచ్చి, వేదిక మీద కుర్చీ వేసి. ముందు వరుసలో ఎమ్మెల్యే ఉండాలి, తహసీల్దార్ ఉండాలి, ఎస్సై ఉండాలి. ఏడుగురి పేర్లూ విన్నాక, శిక్ష ఎంతమందికి పడిందో ఆ మైకులోనే ఎమ్మెల్యే చెప్పాలి.