ఉత్త జోకేనా?

ఆంగ్లం నుండి వచ్చి మన నిత్యవ్యవహారంలో స్థిరపడిపోయిన పదాలలో ‘జోకు’ ఒకటి. ఉర్దూ మాట్లాడే ఇంటిలో గాని, తెలుగు మాట్లాడే ఇంటిలో గాని దీనికి నిఘంటువు అక్కరలేదు. కళాశాల ఆవరణలోనైతే రోజుకు ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కించడం కష్టం. ఇంత సులభమైన మాటను గురించి వ్యాసమేమిటని పాఠకులు నవ్వవచ్చు. నవ్వినా సరే, కొంచెం ఓపికతో చదువవలసిందిగా మనవి.

లాటిన్‌లోని ‘యోకుస్’ దీనికి మూలం. దాని నుండే ఫ్రెంచివారు ఆట అనే అర్థంలో ‘జ్యూ’ అనే పదాన్ని తెచ్చుకొన్నారు. ఆంగ్లంలోకి ‘జోక్’ 17వ శతాబ్దంలో ప్రవేశించింది. నాటి నుండి అది మోయని అర్థం లేదు. నవ్వించే చిన్న కథ జోకు. మిత్రుడు కూర్చోబోతుండగా కుర్చీని వెనుకకు లాగడం కూడా జోకే. ఇందులో మాట లేదు, చేత మాత్రమే ఉన్నది. ‘డిగ్రీ పాసు కావడమంటే జోకా?’ అంటే అది కష్టసాధ్యమని. ‘ఆ పరీక్ష ఒక జోకు’ అంటే దానికి విలువ లేదని. నమ్మశక్యం కాని వార్త చెవిని పడితే ‘జోకులా?’ అంటాము. చివరకు మనిషిని పట్టుకొని ‘వాడొక జోకు’ అని కూడా అంటున్నాము. పేకముక్కలలోని జోకరు 1860 ప్రాంతాల అమెరికాలో పుట్టినది. రమ్మీ ఆడేవారికి (మన విద్యార్థులలో అట్టివారు లేరనే నా నమ్మకం) దాని గుణం తెలుసును. దానికి స్వంత విలువ లేదు; ఎవరి చేతిలో ఉంటే వారికి కావలసిన ముక్కగా మారుతుంది. మాట కూడా అట్టిదే.

ఈ ప్రయోగాలలో నాకు అభ్యంతరకరమైనది ఒక్కటే: ‘ఊరికే జోకు చేశాను’ అనేది. ఎదుటివాని ముఖం చిన్నబోయిన తరువాత పలికే మాట ఇది. పలికిన మరుక్షణం నొప్పించినవాడు నిర్దోషి అవుతాడు, నవ్వలేకపోయినవాడు దోషి అవుతాడు.

మన భాషలలో ఇంత తేలికగా తప్పించుకొనే వీలు లేదు. తెలుగులో ఛలోక్తి వేరు, వేళాకోళం వేరు, ఎగతాళి వేరు, వెక్కిరింత వేరు. భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వును స్మితము మొదలు అతిహసితము వరకు ఆరు విధాలుగా విభజించి, అపహసిత, అతిహసితాలను అధమపాత్రలకు కేటాయించాడు. ఉర్దూలో ‘మిజాహ్’ హాస్యం, ‘తంజ్’ వ్యంగ్యం, ‘లతీఫా’ సున్నితమైన చమత్కారం, ‘తమస్ఖుర్’ గేలి. అన్నిటికంటె నన్ను ఆకర్షించినది ‘మజాక్’. అరబ్బీ మూలంలో దీనికి రుచి అని అర్థం. అందువల్లనే సదభిరుచి గలవానిని ఉర్దూవారు ‘ఖుష్‌మజాక్’ అంటారు. ఇక తెలంగాణ అంగళ్లలో ‘జోకు’ అంటే తూచడం. ఉర్దూవారి ‘నాప్‌జోఖ్’లో ఉన్నదీ ఆ అర్థమే. ఆంగ్లపు జోకుకు దీనితో చుట్టరికమేమీ లేదు. ఉంటే బాగుండేది.

కొన్నేళ్ల క్రితం నా తెలుగు తరగతిలో జరిగిన సంగతి చెప్పక తప్పదు. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివిన ఒక విద్యార్థిని పాఠం చదువమన్నాను. ‘ఆమె కళ్ళు చెమర్చాయి’ అని ఉన్నచోట ‘కల్లు’ అని చదివాడు. ఉర్దూలో ‘ళ’కారం లేదు, అతని నాలుకకు ఆ అక్షరం కొత్త. ముస్లిం ఇంటి పిల్లవాని నోట కల్లు మాట రాగానే తరగతి గొల్లుమన్నది. వెనుక బల్ల నుండి ఎవరో అదే స్వరంతో ఆ వాక్యాన్ని మరల పలికారు. దాచడమెందుకు, నేను కూడా నవ్వాను. ‘ఊరికే జోకు సార్’ అన్నారు తరువాత అడిగితే. ఆ సంవత్సరమంతా ఆ విద్యార్థి తెలుగు తరగతిలో నోరు విప్పలేదు.

ఇందుకు ప్రతిగా నా సంగతి వినండి. ఉర్దూలో ‘జ’కారాన్ని తాలవ్యంగా, ‘జల’లోవలె పలికితే జలీల్ అంటే మహనీయుడు. అదే అక్షరాన్ని నాలుక ముందుకు తెచ్చి ఊదినట్లు పలికితే నీచుడు, అవమానితుడు. తెలుగు లిపిలో రెండింటికీ రాత ఒక్కటే. నేను హాజరుపట్టీలో ఆ పేరు గల విద్యార్థిని ‘జడ’లోని జకారంతో నెలల తరబడి పిలిచాను. ఎవరూ నవ్వలేదు. నేను వేదిక మీద ఉన్నాను గదా!

నవ్వు పల్లానికి పారుతుందని అప్పుడు అర్థమైనది. దక్కనీ భాష గతి చూడండి. కులీ కుతుబ్ షా కవిత్వం చెప్పిన భాష అది. 1965లో వచ్చిన ‘గుమ్‌నామ్’ చిత్రంలో మహమూద్ వంటవాని పాత్రలో దానిని పలికి దేశమంతటినీ నవ్వించాడు. ఆ తరువాత చాలాకాలం సినిమాలకు దక్కనీ అంటే నవ్వులాటే. తెలంగాణ యాసకు తెలుగు చిత్రాలలో దశాబ్దాలపాటు పట్టిన గతి కూడా ఇటువంటిదే. కాని అదే దక్కనీలో సులేమాన్ ఖతీబ్ అత్తాకోడళ్ల తగవును, జీతం రోజు అవస్థను కవిత్వంగా చెబితే, సభ మొదట నవ్వి చివరకు కన్నీరు పెట్టుకొనేది. ఆయన తనవారిని లోపల నిలబడి చూశాడు. మొక్కపాటివారి బారిష్టరు పార్వతీశం కూడా తన అమాయకత్వాన్ని తానే చెప్పుకొంటాడు గనుకనే ఎవరినీ నొప్పించడు. 1962లో హైదరాబాదులో ‘జిందాదిలానే హైదరాబాద్’ సంస్థ ఏర్పడినది. ఉర్దూ హాస్యాన్ని సభల కెక్కించిన నగరం ఇది. మనకు నవ్వడం రాదని ఎవరూ అనలేరు.

1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం విద్యార్థికి అవమానం, చికాకు, భయం కలిగించే పనిని ర్యాగింగుగా నిర్వచించినది. జోకుకు అందులో మినహాయింపు లేదు. అయినా కళాశాల కమిటీవారు చట్టపు ప్రకటనను గోడకు అంటించి ఊరకుండరాదు. వార్షికోత్సవంలో యాసలను అనుకరించే అంశం ప్రతి ఏడూ ఉంటున్నది. దానిని రద్దు చేయమని నేను కోరను. ఎవరి యాస అయితే వారే వ్రాసి, వారే ప్రదర్శించే ఏర్పాటు చేయండి. అలాగే మొదటి సంవత్సరపు ఉర్దూ మాధ్యమ విద్యార్థులకు నెలరోజులు తెలుగు ఉచ్చారణ తరగతులు, తెలుగు అధ్యాపకులకు, నాతో సహా, కొద్దిపాటి ఉర్దూ ఉచ్చారణ నేర్పే ఏర్పాటు జరగాలి.

ఈ వ్యాసానికి పూర్వం ఆ ‘కళ్ళు’ విద్యార్థిని వెదకి పట్టుకొని అనుమతి కోరాను. ఇప్పుడతడు ఉద్యోగంలో ఉన్నాడు. కొంతసేపు మౌనం వహించి, ‘మీ జలీల్ సంగతి కూడా వ్రాస్తారా సార్?’ అని అడిగాడు. వ్రాస్తానన్నాను.