పనసపలకలు – అమ్మాయి గిటారు

డొంకూరునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానమునందలి కొబ్బరి, జీడి, పనసచెట్లు నేలకూలిన సంగతి పాఠకురాండ్రెఱుగుదురు. ఆ గాలికే వారి పెరటి పనసచెట్టును పడిపోయినదట. అత్తగారు కాపురమునకు వచ్చిన యేట నాటిన చెట్టు. వంటచెఱకునకు అమ్ముటకు మనసొప్పక, మొద్దును కోతమిల్లునకు పంపి రెండేసి అంగుళముల మందమున పలకలు కోయించి, పశువులశాల అటకపై భద్రపఱచిరి. కళాశాలలో చదువుచు గిటారు నేర్చిన కుమార్తె, ఆ పలకలతో తనకొక బేసు గిటారు చేయింపుడని కోరుచున్నది. తండ్రిగారు, “పనసకఱ్ఱ వీణకొఱకే పుట్టినది, బొబ్బిలి పంపి వీణ చేయింతము, పెండ్లినాడు పిల్లతో పంపవచ్చును, గిటారు మనది కాదు” అనుచున్నారు. ఇరువురి నడుమ తాను నలిగిపోవుచున్నాననియు, మా యభిప్రాయము తెలుపవలసినదనియు ఆమె వ్రాసినది.

తండ్రిగారి మాట త్రోసివేయదగినది కాదు. బొబ్బిలి చెంత గొల్లపల్లిలో సర్వసిద్ధివారి కుటుంబములు తరతరములుగా వీణలు చేయుచున్నవి. వారి వీణకు ఏకాండివీణ యని పేరు. కుండను, దండిని వేఱువేఱుగా చేసి అతుకక, ఒకే పనసమొద్దునుండి తొలిచి తీయుదురు. పనసకు చెద తొందరగా పట్టదు. నాదమును చక్కగా పలుకును. కాని యిచ్చట చిక్కొకటి కలదు. ఏకాండివీణకు కావలసినది మొద్దు. పలకలుగా కోసిన కఱ్ఱను మరల మొద్దు చేయుట యెవరి తరము? అతుకువీణ యనుకొన్నను, రెండంగుళముల పలకలో కుండ తొలుచుటకు చోటెక్కడిది? తండ్రీకూతుండ్ర తగవు నిప్పుడు మనము తీర్పనక్కఱలేదు. కోతమిల్లువాడు ఆనాడే తీర్చినాడు.

గిటారు సంగతి వేఱు. విద్యుత్తు గిటారునకు కుండ లేదు. దాని శరీరము ఇంచుమించు అంగుళము ముప్పాతిక మందము గల గట్టిపలక. ఉక్కుతీగలక్రింద అయస్కాంతములుండును, వానిచుట్టు వెండ్రుకవలె సన్నని రాగితీగ వేలకొలది చుట్లు చుట్టబడియుండును. తీగ కదలినప్పుడు ఆ చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టి, ధ్వనిని పెంచు యంత్రమునకు పోయి పలుకును. బేసు గిటారనగా మంద్రస్వరములు పలుకు నాలుగు తీగల గిటారు. ఇదివఱలో ఆ స్వరములకై మనిషియెత్తు వాద్యమును మోసికొని తిరుగవలసి యుండెడిది. 1951లో అమెరికాలో లియో ఫెండరనువాడు మెడను వ్రేలాడదీసికొని వాయింపదగిన బేసును అమ్మకమునకు తెచ్చెను. పలక యిరువదంగుళముల పొడవు, పదుమూడంగుళముల వెడల్పు ఉన్న చాలును. అంత వెడల్పు లేకున్న రెండు పలకలు చేర్చి అతికింతురు, తప్పు లేదు.

ఇక “మనది కాదు” అను మాట. విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల 1919లో వెలసినది. అచ్చట ద్వారం వేంకటస్వామినాయుడుగారు (1893–1964) శిష్యులకు నేర్పినది వయొలిను. అదియు సీమవాద్యమే. పాలకొల్లున పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) మాండొలినును పట్టి, జంటతీగలను తీసివేసి అయిదు ఒంటితీగలు కట్టించుకొని, విద్యుత్తు జోడించి కర్ణాటక సంగీతమును గమకములతో పలికించెను. వాద్యము మన చేతికి రాకున్న మన కొలతకు మార్పించుకొనవచ్చునని ఆయన చూపినాడు. మేమా తండ్రిగారిని అడుగునదొక్కటే: వయొలినును మనదనుటకు ఎన్నేండ్లు పట్టినవి?

ఆడుపిల్లకు గిటారేల యని ఇరుగుపొరుగు అనవచ్చును. రెండవ ప్రపంచయుద్ధకాలమున పురుషులు యుద్ధమునకు పోగా, అమెరికాలో కాలమజూ పట్టణమునందలి గిబ్సన్ కర్మాగారమున గిటారులు చేసినవారు చాలవఱకు స్త్రీలే. చేయుటకు పనికివచ్చిన చేయి వాయించుటకు పనికిరాదా?

పిల్ల కోరినది చేయింపుడని మా యభిప్రాయము. అయితే చేయించు పద్ధతిలో జాగ్రత్త కావలెను. ఈ విషయమున మేము దెబ్బతిన్నవారము. ఒకప్పుడు మా యింట పైకమంతయు ముందుగా చెల్లించి, వ్రాతమూలము లేకుండ, ఒక వీణ చేయించితిమి. ఎంతో అందముగా వచ్చినది. పొడగరియైన పురుషుని చేతికి తగినది. మా అమ్మాయి చేయి చివరి మెట్లకు సుఖముగా అందలేదు. నలుగురు వచ్చి చూచి మెచ్చుకొనిరి, ఎవ్వరును వాయింపలేదు. చేసినవానిని తప్పుపట్ట వీలులేదు. ఎవరి చేతికని అతడడుగలేదు, మేమును చెప్పలేదు.

కావున మొదట పిల్ల చేతిని కొలువవలెను. బేసు గిటారున తీగ పొడవు సాధారణముగా 34 అంగుళములు. చిన్నచేతులవారికి 30 అంగుళములది చేయుదురు. పిల్ల రెండింటిని ఎచ్చటనైన పట్టిచూచి, మొదటి నాలుగు మెట్లపై నాలుగు వ్రేళ్లను నొప్పి లేక చాపగలదేమో తెలిసికొనవలెను. ఎడమచేతివాటమైనచో ముందే వ్రాయవలెను. బరువును అడుగవలెను. పనస తేలిక యని వాడుక. అది లోపల తొలిచిన వీణనుబట్టి వచ్చిన మాట, తొలువని పలక బరువే. గంటసేపు భుజమున మోయవలసినది గనుక, లోపల అచ్చటచ్చట తొలిపించి, మొత్తము నాలుగు కిలోలు దాటకుండ చేయుమని కోరవచ్చును. దండికి మాత్రము పనసయే కావలెనని పట్టుపట్టరాదు. బేసు తీగల లాగుడు చాల హెచ్చు. నిలువుచార గల గట్టికఱ్ఱతో చేసి, లోపల సవరింపదగిన ఉక్కుకడ్డి నుంచవలెను. లేకున్న దండి వంగును.

మెట్ల విషయమున వీణకును గిటారునకును పెద్ద భేదమున్నది. వీణమీది 24 మెట్లను మైనముపై కూర్తురు. స్వరము తప్పినచో మైనము కరగించి మరల మేళము కట్టింపవచ్చును. గిటారు మెట్లను దండిలో గాడి కోసి దిగగొట్టుదురు. గాడి తప్పుగా కోసినచో దిద్దుకొనుట కష్టము. అందుచే ఆ చేయువాడు ఇదివఱకు చేసినదొకటి వాయించి చూడక అడ్వాన్సు ఈయరాదు. సులభమైన పరీక్ష చెప్పెదము: 12వ మెట్టుమీద తీగను నొక్కక కేవలము తాకి మీటవలెను, పిమ్మట నొక్కి మీటవలెను. రెండు స్వరములును ఒక్కటిగా నుండవలెను. ఇది సంగీతము రాని తల్లియు వినగలదు.

కొలతలు, కఱ్ఱ, తీగ పొడవు, బరువు, ఇచ్చు గడువు, మిగిలిన పలకలు తిరిగి యిచ్చుట – ఇవన్నియు కాగితముపై వ్రాయించి, సగము పైకమే ముందిచ్చి, తక్కినది పిల్ల వాయించి చూచినపిదప ఈయుడు. పట్టణములలో ఇట్లు చేతితో చేయువారున్నారు. నెలలు పట్టును, తొందరపెట్టిన రంగు ఆరదు.

డొంకూరు సముద్రమునకు దగ్గఱ. ఉప్పుగాలికి ఉక్కుతీగ తొందరగా త్రుప్పుపట్టును. వాయించినపిదప పొడిగుడ్డతో ప్రతి తీగను తుడిచి పెట్టెలో పెట్టవలెను. దీనికంటె ముఖ్యమైనది మఱొకటి. ధ్వనియంత్రమును మూడుముళ్ల ప్లగ్గుతో, ఎర్తు తీగ సరిగా నున్న చోటనే తగిలింపవలెను. పిల్ల వ్రేళ్లు ఎల్లప్పుడును లోహపు తీగలమీదనే యుండునుగదా. గిటారు చేయింపకముందే ఎలక్ట్రీషియనును పిలిచి ఇంటి ఎర్తును పరీక్షింపజేయుడు. ఆ ఖర్చునకు తండ్రిగారు వెనుదీయరని నమ్ముచున్నాము.

పెండ్లినాడు పంపుట యన్నారు. మేమెఱిగిన యిండ్లలో అట్లు వెళ్లిన వీణలు కొన్ని అద్దాలబీరువాలలో తీగలు వదులై కూర్చున్నవి. వానిని ముట్టినచో అత్తవారేమందురో యని కోడలికి భయము. ముట్టకున్న పుట్టింటివారేమందురో యని వెఱపు. గిటారైనను ఆ గతి పట్టవచ్చును. పంపునాడు, ఇది అలంకారము కాదు, మా పిల్ల దినమున కొకగంట వాయించునని వియ్యాలవారితో ముందుగా చెప్పవలసినది తండ్రిగారే. వీణయైనను ఆ మాట చెప్పక తప్పదు.

సోదరీ, పలకలను పంపుటకు ముందు పురుగు తొలిచిన రంధ్రములును బీటలును ఉన్నవేమో ఎండలో త్రిప్పి చూడుడు. మంచివి మూడు ఏఱి పంపుడు. రెండు పనికి, ఒకటి తప్పిన యెడలకు. చివరలను మీరు కోయింపకుడు.