ఖజానాకు ఇచ్చునది, ఖజానానుండి పుచ్చుకొనునది

పెద్ద కంపెనీలు సర్కారునకు చెల్లించు పన్నుల మొత్తమును వాటి పక్షమువారు తఱచుగా చెప్పుచుందురు. సర్కారునుండి అవి పొందు సాయమును లెక్కకట్టి చెప్పువారు అరుదు. ఈ రెండంకెలును ఒకే పుటలో ఎదురెదురుగా నుండవలెనని మా అభిప్రాయము.

2019 సెప్టెంబరు 20వ తేదీన కేంద్ర ప్రభుత్వమువారు ఆర్డినెన్సు మూలమున కంపెనీల ఆదాయపుపన్నును నూటికి 30 నుండి 22కు తగ్గించిరి. వస్తూత్పత్తికై క్రొత్తగా నెలకొల్పబడు కంపెనీలకు 15 మాత్రమే విధించిరి. ఇతర మినహాయింపులు వదలుకొన్నవారికే ఈ రేట్లు వర్తించుననుట నిజమే. అయినను ఏటికి 1,45,000 కోట్ల రూపాయల రాబడి తగ్గునని ప్రభుత్వమువారే ఆనాడు చెప్పిరి. ఇంత మొత్తమును వదలుకొనుటకు ముందు పార్లమెంటులో ఒక్కదినమైనను చర్చ జరుగలేదు. పిమ్మట 2021-22 బడ్జెటులో, ఉత్పత్తినిబట్టి యిచ్చు ప్రోత్సాహకములకై అయిదేండ్లకు సుమారు 1,97,000 కోట్లు ప్రకటించిరి. 2023-24లో వ్యక్తుల ఆదాయపుపన్ను సుమారు 10.4 లక్షల కోట్లు రాగా, కంపెనీల పన్ను 9.1 లక్షల కోట్లే వచ్చెను. జీతగాని పన్ను అతని చేతికి జీతమందకమునుపే కోతపడుచున్నది!

సేద్యపు రాబడికి ఆదాయపుపన్ను లేదుగదా, మనకేల ఈ గొడవయని మా చదువరులలో భూవసతి గలవా రనుకొనవచ్చును. ట్రాక్టరు కొన్నను, ఎరువు కొన్నను, డీజిలు పోయించుకొన్నను వారును ఖజానా నింపువారే.

పరిశ్రమలకు సాయము కూడదని మేము చెప్పుట లేదు. 1896లో పరాయి ప్రభుత్వము లాంకషైరు మిల్లుల మేలుకొఱకు మన మిల్లుగుడ్డలపై నూటికి మూడున్నర వంతున ఎక్సైజు సుంకము వేయగా, దానిని తొలగించుకొనుటకు మనకు ముప్పది యేండ్లు పట్టెను. స్వదేశపరిశ్రమకు రక్షణ కావలెనని ఆ దినములలో దేశమంతయు ఘోషించినది. తుదకు 1924లో జంషెడ్‌పూరు ఉక్కునకు రక్షణసుంకములును, పట్టాలకు ఖజానానుండి బౌంటీయును లభించెను. కాని అవి ఊరక రాలేదు. టారిఫ్ బోర్డువారు సాక్ష్యములు పుచ్చుకొని, ఉత్పత్తి వ్యయములు విచారించి, నివేదిక నచ్చువేయించిరి. మొదటి గడువు మూడేండ్లే. అటుపై మరల విచారణ. కొంతకాలమునకు రక్షణ లేకయే నిలువగలదను నమ్మకము కలిగిన పరిశ్రమకే సాయమను నియమము ఆనాటిది. పరాయి పాలకులే ఇంతపాటి విచారణకు లోబడియుండగా, మన ప్రభుత్వముల కది భారమెట్లగును?

మన రాష్ట్రపు సంగతియే చూతము. 2025 ఏప్రిలులో విశాఖపట్టణమున 21.16 ఎకరములను 99 పైసల నామమాత్రపు వెలకు టి.సి.యస్. కంపెనీకి కేటాయించుటకు ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గము అంగీకరించెను. 1,370 కోట్ల పెట్టుబడియు, 12,000 ఉద్యోగములును వచ్చునని చెప్పబడినది. విశాఖ యువకులు పనికై బెంగుళూరు, హైదరాబాదు పోవుట తప్పినచో మాకును సంతోషమే. ఇది దాచి చేసిన పనియు కాదు. అయినను 12,000లో ఎన్ని యుద్యోగములు వచ్చినవో ఏటేట అడుగు హక్కు, ఆ భూమికి యజమానులైన ప్రజలకు కలదు.

పన్ను మినహాయింపులవలన పోవు రాబడి పట్టికను కేంద్రమువారు 2006 మొదలుకొని బడ్జెటుతోపాటు ప్రచురించుచున్నారు. అందు మొత్తములే కాని కంపెనీల పేర్లుండవు. వ్యాపార రహస్యమని కొంద రడ్డుచెప్పుదురు. ప్రజల సొమ్ము పుచ్చుకొన్నంతవఱకు ఆ వాదము చెల్లదు. కంపెనీ పేరు, ఇచ్చిన భూమి, దాని బజారు వెల, కరెంటు రాయితీ, తిరిగి చెల్లించిన పన్ను, వాగ్దానము చేసిన యుద్యోగములు, వాస్తవముగా నిచ్చినవి, సాయము ముగియు సంవత్సరము — వీనిని చూపు పట్టికను రాబోవు బడ్జెటుతోనే శాసనసభ ముందుంచవలెనని మేము రాష్ట్రప్రభుత్వమువారిని కోరుచున్నాము.